ప్రయాణానికి సద్దిమూట



పండుగ సెలవులు అనగానే మన హాస్టల్లో సంచులు సర్దుకోవడం మొదలవుతుంది. చిక్కడపల్లిలోనో, నారాయణగూడలోనో మెట్రో ఎక్కితే ఒకవైపు జూబ్లీ బస్ స్టేషను, మరోవైపు మహాత్మాగాంధీ బస్ స్టేషను. 2020 ఫిబ్రవరిలో ఈ మార్గం ప్రారంభమైనప్పటి నుంచి రెండు బస్టాండ్లూ మనకు దగ్గరయ్యాయి. అయినా అక్కడినుంచి ఆదిలాబాద్‌కో, శ్రీకాకుళానికో వెళ్ళాలంటే గంటల తరబడి బస్సులో కూర్చోక తప్పదు. బట్టలు, పుస్తకాలు గుర్తుపెట్టుకుని సర్దుకునే మనం, తిండి విషయంలో మాత్రం ఏదో ఒకటి కట్టుకుని పోదాంలే అనుకుంటాం.

అలా అనుకునే మేము ఒకసారి దెబ్బతిన్నాం. మా గది మిత్రుడొకడు పోటీ పరీక్ష కోసం వేరే జిల్లాకు బయలుదేరాడు. అశోక్‌నగర్ రీడింగ్ రూముల్లో, చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో ఏడాదిపాటు చదివినవాడు. బయటి తిండి వద్దని, మధ్యాహ్నం వండిన అన్నాన్ని వేడివేడిగా డబ్బాలో పెట్టి మేమే ఇచ్చాం. రాత్రి 10 గంటలకు బస్సులో తిన్నాడు. తెల్లవారేసరికి వాంతులు, విరేచనాలు. పరీక్ష హాల్లో గంటసేపు కూడా కూర్చోలేకపోయాడు. మన చేతి వంట అయితే చాలు, మంచిదే అనుకున్న మా నమ్మకం ఆ రోజు పోయింది. తర్వాత మేము చదివి తెలుసుకున్న సంగతులు అందరికీ పనికొస్తాయని ఇక్కడ రాస్తున్నాం.

తేమ ఉంటే చేటు

వండిన పదార్థాన్ని పాడుచేసే క్రిములకు తేమ, గోరువెచ్చదనం, సమయం కావాలి. మూతపెట్టిన అన్నం డబ్బాలో ఈ మూడూ ఉంటాయి. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉడికినా చావవు. అన్నం బయట ఉండిపోతే అవి మొలిచి విషాన్ని తయారుచేస్తాయి. వాంతులు తెప్పించే ఆ విషం మళ్ళీ వేడిచేసినా పోదు. అందుకే వండిన ఆహారాన్ని గది వాతావరణంలో 2 గంటలకు మించి ఉంచవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పులిహోరలోని పులుపు క్రిములను కొంతవరకు ఆపుతుంది కానీ, దాన్ని కూడా ఆలస్యం చేయకుండా తినేయాలి. ఉడికించిన శనగ గుడాలు, కోడిగుడ్లు బస్సు ఎక్కకముందే తినడం మంచిది.

ఈ సంగతి మన పెద్దలకు అనుభవంతోనే తెలుసు. సద్దుల బతుకమ్మనాడు పంచుకునే నువ్వుల పొడి, పల్లీల పొడి, సత్తుపిండి చూడండి. అన్నీ వేయించి దంచినవే, తేమ లేనివే. మన ప్రయాణపు మూటకూ అదే సూత్రం.

చేసుకునే విధానం

అటుకుల చుడువా: పావుకిలో పల్చటి అటుకులను సన్నమంట మీద, నూనె లేకుండా, చేత్తో నలిపితే పొడి అయ్యేదాకా వేయించి పక్కన పెట్టాలి. 3 చెంచాల నూనెలో 100 గ్రాముల పల్లీలు, 50 గ్రాముల పుట్నాలు, ఎండుమిర్చి, కరివేపాకు వేయించి, పసుపు, ఉప్పు చల్లి అటుకులు కలపాలి. కరివేపాకును కడిగాక గుడ్డతో తుడిచి ఆరబెట్టాలి. ఆ కాస్త తడి ఉన్నా చుడువా మెత్తబడుతుంది.

పల్లీ పట్టీ: పావుకిలో పల్లీలు వేయించి పొట్టు తీయాలి. 200 గ్రాముల బెల్లాన్ని కొద్ది నీటిలో కరిగించి, వడకట్టి, ముదురు పాకం పట్టాలి. నీళ్ళలో వేసిన చుక్క గట్టిగా ఉండకట్టి, పళ్ళేనికి కొడితే టక్కుమని మోగాలి. పల్లీలు కలిపి, నూనె రాసిన పళ్ళెంలో పరచి, వెచ్చగా ఉండగానే ముక్కలు కోయాలి. నువ్వులతోనూ ఇలాగే చేయవచ్చు. బూజుపట్టిన, ముడుచుకుపోయిన పల్లీలను ముందే ఏరి పారేయాలి. వాటిలో ఉండే అఫ్లాటాక్సిన్ అనే విషం వేయించినా పూర్తిగా పోదు.

ఏది చేసినా పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టాలి. వేడిమీద మూత పెడితే ఆవిరి నీరై కారి, పొడి పదార్థం కూడా బూజు పడుతుంది. మేము చేసిన తప్పుల్లో ఇదొకటి.

గదుల్లో కరెంటు స్టవ్వులు వద్దు. వంట మాస్టారును అడిగి, వంట ముగిశాక వంటగదిలో నలుగురు కలిసి చేసుకుంటే ఖర్చూ తగ్గుతుంది, పనీ తేలికవుతుంది.

ఎంత తీసుకెళ్ళాలి?

100 గ్రాముల పల్లీలలో సుమారు 24 గ్రాముల మాంసకృత్తులు, 500 పైగా కేలరీలు ఉంటాయి. కాబట్టి గుప్పెడు తిన్నా చాలాసేపు ఆకలి ఆగుతుంది. 8 గంటల ప్రయాణానికి ఒక్కొక్కరికి రెండు గుప్పెళ్ళ చుడువా, రెండు పట్టీ ముక్కలు, ఒక అరటిపండు లేదా జామకాయ చాలు. జామకాయను ఇక్కడే కడిగి, తుడిచి పెట్టుకోవాలి.

బస్సు దిగాల్సి వస్తుందని చాలామంది, ముఖ్యంగా అమ్మాయిలు, నీళ్ళు తాగడం మానేస్తారు. అది మంచిది కాదు. లీటరు నీళ్ళ సీసా వెంట ఉంచుకుని, కొంచెం కొంచెంగా తాగుతూ ఉండాలి.

సంచిలో ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్టు కూడా వేసుకోండి. అది లేకపోతే 1 లీటరు శుభ్రమైన నీటిలో సమంగా కొలిచిన 6 టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు కలిపి తాగవచ్చు. జ్వరం గానీ, విరేచనంలో రక్తం గానీ కనిపిస్తే ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

మన ఇళ్ళల్లో ఒక పరీక్ష ఫీజు వెనుక, ఒక బస్సు చార్జీ వెనుక ఎంత కష్టం ఉంటుందో మనందరికీ తెలుసు. మా మిత్రుడు ఆ తర్వాత మళ్ళీ అదే లైబ్రరీలో కూర్చుని చదివాడు. మరుసటి పరీక్షకు వెళ్ళేటప్పుడు అతని చేతికి మేమిచ్చింది చల్లారిన చుడువా డబ్బా. ఈసారి పరీక్ష పూర్తిగా రాసి వచ్చాడు. మీరు కూడా వచ్చే ప్రయాణానికి ఒక రోజు ముందే సద్దిమూట సిద్ధం చేసుకోండి. కొత్తగా వచ్చిన తమ్ముళ్ళకూ, చెల్లెళ్ళకూ నేర్పండి.