స్టీరింగు చక్రములోని తీగచుట్ట

మోటారుకారు నడుపువాని యెదుట నుండు స్టీరింగు చక్రమునందు ఎయిర్‌బ్యాగు అను గాలిసంచి మడచి యుంచబడును. కారు దేనినైనను గట్టిగా ఢీకొన్నప్పుడు విద్యుత్తు ప్రవహించి అందలి మందును రగిలించును. సంచి రెప్పపాటులో పొంగి నడుపువాని తలకును రొమ్మునకును అడ్డుపడును. అమెరికా దేశస్థుడగు జాన్ హెట్రిక్ 1953లో ఇట్టి సంచికి పేటెంటు పొందెను. మన దేశమున 2019 జూలై 1వ తేదీనుండి క్రొత్త కార్లలో నడుపువానికి ఈ సంచి తప్పనిసరి యయ్యెను.

ఇచ్చట నొక చిక్కు గలదు. చక్రము తిరుగును, దాని క్రింది స్తంభము తిరుగదు. ఒకదానినుండి మరియొకదానికి తీగను నేరుగా లాగినచో అది మెలిపడి తెగును. పూర్వము హారనుకొరకు ఒరసికొను లోహవలయము చాలెడిది. క్షణకాలము స్పర్శ తప్పినను హారనుకు పెద్ద నష్టము లేదు; గాలిసంచికి ఆ క్షణమే ముఖ్యము. కావున పట్టీవంటి పలుచని తీగను గడియారపు స్ప్రింగువలె చుట్టి గుండ్రని డబ్బీలో నమర్చిరి. చక్రము ఒకవైపు తిరిగిన చుట్ట బిగియును. రెండవవైపు తిరిగిన వదులగును. దీనికే క్లాక్ స్ప్రింగు అని పేరు.

దీనిని మార్చు విధ మెట్టిదనగా: మొదట కారు ముందరి చక్రములను తిన్నగా నిలిపి, ఇంజను నాపి, బాటరీ ఋణధ్రువపు తీగను విప్పవలయును. పిమ్మట తయారుచేసినవారు చెప్పినన్ని నిమిషములు వేచియుండవలయును. ఏలయన సంచిని పొంగించు విద్యుత్తు కొంతసేపు లోపల నిలువయుండును. తరువాత సంచిని తీసి, ముఖము పైకుండునట్లు దూరముగా నుంచవలయును. నడిమి నట్టును విప్పి, స్టీరింగు చక్రమునకును దాని కడ్డీకిని గుర్తు పెట్టి, చక్రమును లాగి, పాత చుట్టను తీయవలయును.

క్రొత్త చుట్ట మధ్యస్థానమున బంధింపబడి వచ్చును. బిగించువరకు ఆ బంధమును తీయరాదు. అది ముందే ఊడినయెడల, చుట్టను ఒకవైపు ఆగువరకు మెల్లగా త్రిప్పి, అచ్చటినుండి రెండవవైపు ఆగువరకు ఎన్ని చుట్లో లెక్కించి, అందు సగము వెనుకకు త్రిప్పవలయును. మొత్తము 5 చుట్లయిన, వెనుకకు రెండున్నర.

ఈ లెక్క తప్పినను బిగించిన దినమున దోషమేమియు కానరాదు. హారను మ్రోగును, చక్రము తిరుగును. కాని ఏదో యొక మలుపున చక్రమును పూర్తిగా త్రిప్పినప్పుడు తీగ తెగును. అప్పుడు హారను మూగవోవును. హెచ్చరిక దీపము వెలుగును. ఢీకొన్నప్పుడు సంచి తెరచుకొనకపోవచ్చును.

విద్యార్థులారా! ఇది నేర్చిన పనివాడు చేయదగిన పని, మీరు పూనుకొనవలదు. అయినను ఇంటివారి కారులో గాలిసంచి దీపము ఆరక వెలుగుచుండుట చూచితిరేని, వెంటనే పెద్దలకు చెప్పుడు. ఆ చిన్న దీపమును ఉపేక్షించుట ప్రాణమును ఉపేక్షించుటయే.