సూపర్‌ను పిలవడం మరిచిపోతే

పిల్లలూ, తెలుగు చెప్పే మాకు కంప్యూటర్ పాఠంతో ఏం పని అని నవ్వుకోకండి. ఇంతకుముందు మేము పనిచేసిన ఊళ్లో కంప్యూటర్ టీచరు సెలవులో ఉంటే 11వ తరగతి ల్యాబ్ పీరియడ్లు కొన్నాళ్లు మాకు అప్పగించారు. పిల్లల పక్కన కూర్చుని మేమూ పైథాన్ నేర్చుకున్నాం.

మీకు బాగా తెలిసిన కాగితంతో మొదలుపెడదాం: టీసీ. 'విద్యార్థి' అనే క్లాస్ రాశామనుకోండి. ఇక్కడ క్లాస్ అంటే మీరు కూర్చునే గది కాదు, ఒక నమూనా. అందులో 'టీసీ ఇవ్వు' అనే మెథడ్ లైబ్రరీ పుస్తకాలు తిరిగొచ్చాయా, ఫీజు బాకీ ఉందా అని చూస్తుంది. తర్వాత రిజిస్టరులో నంబరు వేసి కాగితం తయారుచేసి ఇస్తుంది. అమ్మకో నాన్నకో బదిలీ అయిన పిల్లలకు కొత్త బడి పేరిట ఒక లేఖ కూడా కావాలి. అందుకని 'బదిలీ విద్యార్థి' అనే ఇంకో క్లాస్ రాస్తాం. అది మొదటి క్లాస్‌కు వారసురాలు కాబట్టి పాత మెథడ్లన్నీ దానికి వచ్చేస్తాయి. మార్చాల్సిన 'టీసీ ఇవ్వు'ను మాత్రం అదే పేరుతో తిరగరాస్తాం. దీన్నే ఓవర్‌రైడ్ చేయడం అంటారు.

మా ల్యాబ్‌లో ఒక అమ్మాయి ఇదే రాసింది. పక్కనున్న అబ్బాయి పేరు పెట్టి నడిపితే లేఖ చక్కగా వచ్చింది, అందరం చప్పట్లు కొట్టాం. కాసేపటికి ఆ అబ్బాయే అడిగాడు: "టీచర్, నా పేరు మీద మూడు లైబ్రరీ పుస్తకాలు పెట్టాం కదా, నాకు టీసీ ఎలా ఇచ్చేసింది?" రిజిస్టరు తెరిచి చూస్తే అతని పేరే లేదు! కొత్త మెథడ్ పాతదాన్ని పూర్తిగా కప్పేసింది. మనం పిలిస్తేనే పాతది పనిచేస్తుంది. పైథాన్‌లో ఆ పిలుపు పేరు సూపర్. సూపర్ ద్వారా పాత మెథడ్‌ను నడిపి, అది ఇచ్చిన కాగితానికి లేఖ జతచేసి, రిటర్న్ చేయాలి. రిటర్న్ మరిచిపోతే పనంతా జరిగినా అడిగినవాళ్ల చేతికి మిగిలేది ఖాళీయే.

సూపర్‌ను ఎప్పుడు పిలవాలన్నదీ ఆలోచించాలి. బదిలీ ఉత్తర్వు ఉందో లేదో ముందే చూసుకోవాలి. రిజిస్టరులో నంబరు పడిపోయాక ఉత్తర్వు లేదని తెలిస్తే ఏం లాభం? లేఖ జతచేయడమంటారా, అది తర్వాతే.

పెద్ద సంస్థల్లోనూ ఇదే పని జరుగుతుంది. ఓడూ అనే వ్యాపార సాఫ్ట్‌వేర్ పైథాన్‌లో రాసిందే. అందులో అమ్మకం ఆర్డరును ఖాయం చేసే మెథడ్ 'యాక్షన్ కన్ఫర్మ్'. పాత బాకీ ఉన్నవారి ఆర్డరు ఖాయం కాకూడదని ఒక సంస్థ అనుకుంటే, అసలు ఫైలును దిద్దకూడదు. ఓడూకు ఏటా కొత్త వెర్షన్ వస్తుంది, అది వేయగానే మన దిద్దుబాట్లు కొట్టుకుపోతాయి. వేరే మాడ్యూల్‌లో ఆ మెథడ్‌ను ఓవర్‌రైడ్ చేసి, బాకీ చూసి, సూపర్‌ను పిలవాలి. పిలవకపోతే ఆర్డరు ఖాయం కాదు, గోదాములో డెలివరీ కాగితం పుట్టదు. ఎర్రర్ కూడా రాకపోవచ్చు. కొన్నవాళ్లు సరుకు కోసం ఎదురుచూస్తూ ఉంటారు.

ఇంకొకటి, ఇది మా తెలుగు టీచర్ల బాధ. అక్షరదోషం! మెథడ్ పేరులో ఒక్క అక్షరం తప్పితే పైథాన్ ఏమీ అనదు. అది వేరే కొత్త మెథడ్ అనుకుని ఊరుకుంటుంది, పాతదే నడుస్తుంది. జావాలో 2004లో వచ్చిన అయిదో వెర్షన్ నుంచి 'ఓవర్‌రైడ్' అని గుర్తు పెట్టే వీలుంది, తప్పుంటే కంపైలర్ పట్టేస్తుంది. పైథాన్‌లో అలాంటి గుర్తు 2023లో, 3.12 వెర్షన్‌తో వచ్చింది. అయితే ప్రోగ్రామ్ నడిచేటప్పుడు అది దేన్నీ ఆపదు, టైప్ చెకర్ అనే మరో సాధనంతో చూసుకోవాలి.

ఇప్పుడు మీ పని. 'బదిలీ విద్యార్థి'కి వారసురాలిగా 'విదేశీ బదిలీ విద్యార్థి' అనే మూడో క్లాస్ రాయండి, ఖాట్మండూ వెళ్లే పిల్లల కోసం అనుకోండి. మూడింటినీ నడపండి. తర్వాత మధ్య క్లాస్‌లో సూపర్ ఉన్న వరుస తీసేసి మళ్లీ నడపండి. రిజిస్టరులో ఎవరెవరి పేర్లు పడ్డాయో రాసి మీ కంప్యూటర్ టీచరుకు చూపించండి.