మందు ఒకటే, వేళ తప్పితే విషం

ప్రతి రోగానికీ మందు ఉందని, ఆ మందు రోగానికి సరిగ్గా కుదిరినప్పుడు అల్లాహ్ అనుమతితో నయమవుతుందని ప్రవక్త ముహమ్మద్ (స) బోధించారు. మనం మొదటి సగం గుర్తుంచుకొని రెండో సగం మరచిపోతుంటాం.

మన ఊపిరితిత్తుల్లో వాయుగోణులు ఉంటాయని ఏడో తరగతి పిల్లలకు కూడా చెబుతాం. వాటి గోడలు చాలా పలుచన. తీవ్రమైన న్యుమోనియా వచ్చినా, రక్తంలోకి ఇన్ఫెక్షన్ పాకినా ఆ గోడలు దెబ్బతిని, రక్తనాళాల్లోని నీరు లోపలికి ఊరుతుంది. అప్పుడు ఆక్సిజన్ పెట్టినా అది రక్తంలోకి సరిగా చేరదు. 1967లో అమెరికా వైద్యులు 12 మంది రోగుల్లో దీన్ని గమనించి రాశారు. నేడు దీన్నే ఏఆర్‌డీఎస్ అంటున్నారు.

దీనికి మందు కోసం ఎన్నో ప్రయత్నాలు జరిగాయి. నెలలు నిండని పసికందులను కాపాడే సర్ఫక్టెంట్ పెద్దవాళ్లలో పనిచేయలేదు. నైట్రిక్ ఆక్సైడ్ వాయువు పీల్పిస్తే రక్తంలో ఆక్సిజన్ కొంత పెరిగింది కానీ మరణాలు తగ్గలేదు. కొలెస్ట్రాల్ మాత్రలూ అంతే. 2000లో మరణాలు తగ్గించింది అసలు మందే కాదు. వెంటిలేటరుతో ఒక్కో శ్వాసకు పంపే గాలిని సగానికి తగ్గించడం!

2020 జూన్‌లో బ్రిటన్‌లోని రికవరీ పరీక్ష ఫలితం వచ్చింది. డెక్సామెథసోన్ అనే పాత, చవక స్టెరాయిడ్‌ను రోజుకు 6 మిల్లీగ్రాముల చొప్పున గరిష్ఠంగా 10 రోజులు ఇచ్చారు. వెంటిలేటరుపై ఉన్న కరోనా రోగుల్లో మరణాలు నూటికి 41 నుంచి 29కి తగ్గాయి. ఆక్సిజన్ మాత్రమే పెట్టినవారిలో 26 నుంచి 23కి తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివారికి మాత్రం మేలు కనబడలేదు. కారణం ఇది: మొదటి రోజుల్లో వైరస్‌తో పోరాడేది మన రోగనిరోధక శక్తే. తర్వాత అదే హద్దు మీరి ఊపిరితిత్తులను కాలుస్తుంది. స్టెరాయిడ్ ఆ మంటను ఆర్పుతుంది. ముందే వేస్తే మన సైన్యం చేతులు కట్టేసినట్టే.

2021లో మా వీధిలో ఒకరికి డాక్టరు రాసిన చీటీ ఫోనుల్లో పది ఇళ్లకు తిరిగింది. జ్వరం రాగానే మింగినవాళ్లున్నారు. స్టెరాయిడ్ షుగరును పెంచుతుంది. ఆ ఏడాది దేశమంతటా బ్లాక్ ఫంగస్ విజృంభించడానికి అదుపులేని షుగరు, స్టెరాయిడ్ల దుర్వినియోగం ముఖ్య కారణాలు.

మన సొసైటీ కార్యకర్తలకు ఒక మనవి. ఇళ్లకు ఇచ్చే మందుల కిట్‌లో స్టెరాయిడ్ మాత్రలు పెట్టకండి. వేలికి తగిలించే ఆక్సీమీటరు ఇవ్వండి. అంకె 94 కంటే తగ్గితే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఉబ్బసం వంటి జబ్బులకు డాక్టరు చెప్పి ఇప్పటికే స్టెరాయిడ్ వాడుతున్నవారు మాత్రం ఇది చదివి హఠాత్తుగా మానేయకూడదు.