సంతకానికి ముందు అడగాల్సిన మాట



మీ జిల్లా లోకల్ లెవెల్ కమిటీలో నిన్ను వేశారని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. చాలా సంతోషించానమ్మా. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ప్రకారం ఆ కమిటీలో ఉండేది ముగ్గురే: కలెక్టరు, నేషనల్ ట్రస్ట్‌లో నమోదైన సంస్థ తరఫున ఒకరు, వైకల్యం ఉన్న వ్యక్తి ఒకరు. సంస్థ తరఫున వెళ్తున్న నువ్వు మాట్లాడకుండా కూర్చుంటే కుదరదు.

మీ ముందుకొచ్చేవి ముఖ్యంగా గార్డియన్‌షిప్ దరఖాస్తులు. ఆటిజమో, సెరిబ్రల్ పాల్సీయో, బుద్ధిమాంద్యమో ఉన్న బిడ్డకు 18 ఏళ్లు నిండాక బ్యాంకులోనో, పొలం రిజిస్ట్రేషన్ దగ్గరో గార్డియన్ కాగితం తెమ్మంటారు. తల్లిదండ్రులు కంగారుగా పరుగెత్తుకొస్తారు. వైకల్య ధ్రువపత్రం మొదలు కాగితాలన్నీ సరిగ్గానే ఉంటాయి, సంతకం పెట్టేయడం తేలిక. కానీ 14వ సెక్షన్ మిమ్మల్ని రెండు సంగతులు తేల్చమంటుంది. ఈ మనిషికి గార్డియన్ అవసరమా? అవసరమైతే ఏ పనికి? ఆ మొదటి ప్రశ్నను ఎప్పుడూ దాటెయ్యకు.

ఆ అబ్బాయినో అమ్మాయినో లోపలికి పిలిపించు. ముందు వాళ్లతో మాట్లాడు, పెద్దలతో తర్వాత. మాటలు రాకపోతే బొమ్మలు చూపించు, సైగలు గమనించు, జవాబు వచ్చేదాకా ఆగు. ఎవరి దగ్గర ఉండటం ఇష్టమో, ఎవరిని చూస్తే ముడుచుకుపోతారో దరఖాస్తులో ఉండదు. బ్యాంకు పనికి మాత్రమే సాయం కావాలంటే, ఆ మాటే ఉత్తర్వులో స్పష్టంగా రాయమని అడుగు. మంచి కోరే చేసినా సరే, ఒక మనిషి ఇష్టాయిష్టాలన్నీ ఇంకొకరికి రాసిచ్చేస్తే తిరిగి తెచ్చుకోవడం చాలా కష్టం.

ఆస్తి ఉన్నచోట మరీ జాగ్రత్త. గార్డియన్ తన నియామకం జరిగిన ఆరు నెలల్లోగా ఆస్తులు, అప్పుల జాబితా ఇవ్వాలి. ఏటా ఆర్థిక సంవత్సరం ముగిశాక మూడు నెలల్లోగా లెక్క చెప్పాలి. అవి వచ్చాయా లేదా అని ప్రతి సమావేశంలో అడుగు. గార్డియన్ హింసించినా, పట్టించుకోకపోయినా, ఆస్తి కాజేసినా తొలగించమని తల్లిదండ్రులు, బంధువులు, నమోదైన సంస్థలు మీకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ దారి ఉందని కుటుంబాలకు నువ్వే చెప్పాలి.

కమిటీ కనీసం మూడు నెలలకోసారి కూర్చోవాలి. కలెక్టరుగారికి సవాలక్ష పనులుంటాయి. తేదీ ఖరారయ్యేదాకా మర్యాదగా గుర్తుచేస్తూనే ఉండు. సమావేశం వాయిదా పడిందని, రెండు బస్సులు మారి వచ్చిన తల్లిని మళ్లీ రమ్మంటే ఆమెకు ఒకరోజు కూలి పోతుంది.

మొదటి సమావేశానికి ముందే 13 నుంచి 17 దాకా సెక్షన్లు చదువుకో. అనుమానాలు రాసిపెట్టుకుని పండక్కి రా, కూర్చుని మాట్లాడుకుందాం.

నీ మేనత్త