పెనుకొండలో రైలు దిగు

గోరంట్ల,
డిసెంబర్ 27

పాపా,

ఈ ఏడాది నాకు నచ్చిన పుస్తకాల పేర్లు రాసి పంపమన్నావు. పట్టీ పెద్దది కాదమ్మా. కంటి ఆపరేషన్ అయినప్పటి నుంచి పొద్దున రెండు గంటలే చదువుతున్నాను. అందులో సగం పాతవే.

అన్నిటికన్నా ముందు పుట్టపర్తి నారాయణాచార్యుల ‘పెనుగొండలక్ష్మి’. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులకు రాజధాని అయిన పెనుకొండ, శిథిలాలుగా మిగిలితే చూసి తట్టుకోలేక రాశారు. అప్పటికి ఆయనకింకా మీసాలు రాలేదు. తర్వాత విద్వాన్ పరీక్షకు చదవబోతే ఆ పుస్తకమే ఆయనకు పాఠం! బాగా చదువుకున్నాక చూపిస్తానని నీ కవితల నోటుబుక్కు దాచిపెట్టావని మీ అమ్మ చెప్పింది. దాచొద్దు. ఆయన కూడా ఎక్కడెక్కడివో వెతకలేదు, రోజూ కళ్లెదుట కనబడే కొండ గురించే రాశారు.

విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’ మాత్రం గొంతెత్తి చదువు. మన చిత్రావతి కలిసేది ఆ పెన్నలోనే. నేను చదువుతుంటే మీ అవ్వ వంటింట్లోంచి వచ్చి గడప మీద కూర్చుంది, మళ్లీ మొదటి నుంచి చదివించుకుంది. చిత్రావతి ఇసుకలో చెలమ తవ్వి, చిప్పతో నీళ్లు తోడి బిందె నింపిన మనిషి కదా. ఆ పాటలోని కరువు ఆమెకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆ పొద్దు ఇంట్లో చాలాసేపు ఎవరం మాట్లాడలేదు.

కొత్తగా చదివింది బండి నారాయణస్వామి ‘శప్తభూమి’. హండే పాలేగాళ్ల నాటి అనంతపురం సీమ కథ. బెంగళూరులో స్నేహితుల ముందు మన యాస రాకుండా జాగ్రత్తపడతానన్నావే, నాకు చాలా బాధేసింది. మన సీమ మాటలతో నడిచే ఈ నవలకే 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. మొదట్లో కాస్త బరువుగా ఉంటుంది, వదిలిపెట్టొద్దు.

సింగమనేని నారాయణ కథలు మీ నాన్నకు పంపాను. చెనిక్కాయ పంట మీద ఆశపడి అప్పులపాలైనవాడు కదా, మీ నాన్నే ముందు చదవాలి.

సంక్రాంతికి వచ్చేటప్పుడు పెనుకొండలో రైలు దిగు. స్టేషన్‌లో ఉంటాను. గగన్ మహల్ చూసి, ఎండ ముదరకముందే కొండెక్కుదాం. ‘పెనుగొండలక్ష్మి’ నేను తెస్తాను, నీ నోటుబుక్కు నువ్వు తీసుకురా.

మీ తాత