కల్నల్ మెకంజీ – కైఫియత్తులు

స్కాట్లండు వాయవ్య తీరాన గల లూయిస్ ద్వీపంలో జన్మించిన కాలిన్ మెకంజీ 1783లో ఈస్టిండియా కంపెనీ కొలువులో మద్రాసుకు వచ్చాడు. మొదట కాల్బలంలోను, పిదప ఇంజనీర్ల దళంలోను పనిచేశాడు. మూడవ మైసూరు యుద్ధానంతరం నిజాం రాజ్యంలోని కంపెనీ సేనకు ఇంజనీరుగా నియుక్తుడై దక్కను ప్రాంతాలను సర్వే చేశాడు. 1799లో శ్రీరంగపట్టణ ముట్టడిలో పాల్గొన్నాడు. 1811లో జావా దండయాత్రకు వెళ్లాడు. 1815లో భారతదేశానికి తొలి సర్వేయర్ జనరల్ అయ్యాడు. కల్నల్ హోదాతో 1821లో కలకత్తా సమీపంలో మరణించాడు.

ఇంతమాత్రమే అయితే ఆయనను తెలుగువారు తలచుకొనవలసిన పనిలేదు. కంపెనీ సర్వేలు చేయించింది పాండిత్యం కోసం కాదు. సేనలు నడిచే దారులు, ఏరులు దాటే రేవులు, శిస్తు రాబట్టదగిన భూములు దానికి కావాలి. మెకంజీ ఆ పని నెరవేరుస్తూనే ఊళ్ల చరిత్రను అడిగించసాగాడు. కాని ఆయనకు దేశభాషలు రావు.

ఆ లోటు తీర్చినవాడు ఏలూరుకు చెందిన కావలి వెంకట బొర్రయ్య. సంస్కృతాంధ్రాంగ్లాలు నేర్చిన ఈ యువకుడు ఇరవయ్యేండ్ల ప్రాయంలో మెకంజీ వద్ద చేరాడు. ప్రాచీన శాసనాల లిపులను సాధించి చదివాడు. అతని పరిచయమే తనకు భారతీయ విజ్ఞానపు వాకిలి తెరిచిందని మెకంజీ స్వయంగా అంగీకరించాడు. బొర్రయ్య 1803లో అకాలమరణం చెందగా తమ్ముడు లక్ష్మయ్య ఆ భారం వహించాడు.

వీరి మనుషులు ఊరూరా తిరిగి కరణాలను, పూజారులను, వృద్ధులను విచారించారు. ఊరికి ఆ పేరెట్లు వచ్చింది, చెరువు తవ్వించినదెవరు, మాన్యం ఇచ్చిన రాజెవరు – ఇటువంటి ప్రశ్నలకు లభించిన సమాధానాలే కైఫియత్తులు. కైఫియత్తు అంటే స్థితిగతుల వివరణ. బాన్సువాడ వంటి ఊరిలో నేడు ఇవే ప్రశ్నలు వేసినా పురాణమూ చరిత్రా కలగలిసిన జవాబులే వస్తాయి. కైఫియత్తులలోనూ అంతే, కనుక వాటిని శాసనాలతో సరిచూసుకొని చదవాలి. అయినా ఆనాటి కరణాల వాడుక వచనం ఇంత విస్తారంగా మరెక్కడ దొరుకుతుంది?

సేకరణలో 8,076 శాసన ప్రతులు, 6,218 నాణేలు ఉన్నట్లు విల్సన్ 1828లో ప్రకటించిన పట్టికను బట్టి తెలుస్తున్నది. మెకంజీ భార్యకు ప్రభుత్వం లక్ష రూపాయలు చెల్లించి దానిని కొన్నది. లక్ష్మయ్య మాత్రం, ఆగిన పనిని తాను కొనసాగిస్తానని 1830 దశకంలో విన్నవించుకోగా, ఆసియాటిక్ సొసైటీ పండితులు భారతీయునికి అంతటి అర్హత లేదని తోసిపుచ్చారు. మెకంజీ మరణించేవరకు ఆ పనిని నడిపినవాడు లక్ష్మయ్యే.