దిగుట నేర్చుకొనుట

పఠనభాగము: ఫిలిప్పీ 4:10–13

ప్రియులారా, పౌలు బంధకములలో ఉండి ఈ పత్రిక వ్రాసెను. 12వ వచనములో అతడు తగ్గింపును మొదట పేర్కొని, సమృద్ధిని తరువాత చెప్పుట గమనించుడి.

ఇటలీ దేశపు ఫుట్‌బాల్ ఆటగాడు దారియో హ్యూబ్నర్ 1967లో జన్మించెను. యౌవనమున కమ్మరి పని చేసెను. ఫానో, చెజేనా వంటి పట్టణముల జట్లతో ఏండ్ల తరబడి క్రింది తరగతులలో ఆడెను. 1997లో, 30 ఏండ్ల ప్రాయమున, బ్రెషా జట్టుతో మొదటి తరగతికి వచ్చెను. మొదటి పోటీ మిలాను నగరములో, ఇంటర్ జట్టుతో. అందరి కన్నులు బ్రెజిలువాడైన రొనాల్డోమీద నుండగా, మొదటి గోలు హ్యూబ్నర్ కొట్టెను. అయినను ఇంటరే 2–1తో గెలిచెను. 2001–02లో పియాచెంజా తరఫున 24 గోలులు చేసి, త్రెజెగేతో సమానముగా అగ్రస్థానము పొందెను. దేశపు జట్టులో మాత్రము ఎన్నడును ఆడలేదు. (అతని పొగత్రాగు అలవాటు మనకు మాదిరి కాదు.)

ఎక్కుట అందరికి ఇష్టమే. అయితే అతడు మరల క్రిందికి దిగి, 40 ఏండ్లు దాటిన పిమ్మటను చిన్న ఊళ్ల జట్లలో, ఆటే జీవనాధారము కానివారితో కలిసి ఆడెను.

మన సంఘములలోనో? పెద్దరికము మరియొకరికి ఇయ్యబడిన మరుసటి ఆదివారము వెనుక చాపమీద కూర్చుండలేక, గుడికే రాక మానినవారు కలరు.

పౌలు దీనిని పుట్టుకతో ఎరుగడు, నేర్చుకొనెను. 2 కొరింథీ 11:32–33 చదువుడి. దమస్కులో అతడు గంపలో కూర్చుండి, గోడమీదనుండి క్రిందికి దింపబడెను.